క్యారేజీ అందుకునే ముందు

శ్రీకాకుళం

చిరంజీవి అబ్బాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీవూ నీ స్నేహితులూ కలిసి సోంపేట, కవిటి చుట్టుపక్కల ఊళ్లలో మంచం పట్టినవారికీ, డయాలసిస్‌కు వెళ్లివచ్చేవారికీ మొత్తం నలభై ఇళ్లకు మధ్యాహ్నభోజనం చేర్చాలని నిశ్చయించుకున్నట్లు మీ అమ్మ ఫోనులో చెప్పింది. విని ఎంత సంతోషించానో మాటల్లో చెప్పలేను. బడి ఉద్యోగం నుంచి విరమించిన తరువాత, మోకాళ్లు సహకరించినంత కాలం నేనూ ఈ పనే చేశాను కనుక, నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

మొదట నలభై ఇళ్ల ఆలోచన విరమించుకో. నాలుగు ఇళ్లతో ప్రారంభించు. నలభై ఇళ్లకు పది రోజులు పెట్టి ఆపేయడం కన్న నాలుగు ఇళ్లకు ఏడాది పొడుగునా పెట్టడం మేలు. ఎందుకంటే మీ అన్నం వస్తుందని నమ్మిన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించరు. భోజనం తీసుకుని వెళ్లే ముందు ఒకసారి ఉత్త చేతులతో ప్రతి ఇంటికీ వెళ్లి కూర్చో. ఏమి ఇష్టమని తరువాత అడగవచ్చు, డాక్టరు ఏమి వద్దన్నారో ముందుగా అడుగు. ఆసుపత్రి చీటీ చూపిస్తే చదివి, మందులు ఏ వేళకు వేసుకుంటున్నారో, నమలడానికి పళ్లు ఉన్నాయో లేదో, ఇంట్లో తోడు ఎవరున్నారో నోటుపుస్తకంలో ఇంటికొక పేజీ చొప్పున రాసుకో. చీటీ అర్థం కాకపోతే ఊహించవద్దు, ఆ ఊరి ఆశ కార్యకర్తనో ఏఎన్ఎమ్ నర్సునో వెంట తీసుకువెళ్లు.

మీరు వేసుకున్న పట్టికలో అన్నం, తోటకూర పప్పు, టమాటా చారు, అరటిపండు ఉన్నాయని మీ అమ్మ చెప్పింది. ఆరోగ్యంగా ఉన్నవారికి అంతకన్న మంచి భోజనం లేదు కాని, డయాలసిస్ మీద ఉన్నవారికి అందులో అన్నం తప్ప తక్కినవన్నీ ఆలోచించి పెట్టవలసినవే. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు వరకు ఉద్దానం మండలాలలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు చెడిపోతున్నాయో ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వైద్యం అక్కడ జరుగుతుంది, కాని తిండి ఇంట్లో జరుగుతుంది, అక్కడే మన పొరపాట్లు జరుగుతాయి. కిడ్నీలు పనిచేయనప్పుడు తిండితో వచ్చే పొటాషియం అనే లవణం ఒంట్లోనే నిలిచిపోయి, మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది. అరటిపండు, టమాటా, బంగాళాదుంప, ఆకుకూరలు, పప్పులు, చోళ్లు, అన్నిటికీ మించి మన కొబ్బరినీళ్లు, ఇవన్నీ పొటాషియం ఎక్కువగా ఉన్నవే.

ఈ సంగతి నేను కష్టంగా నేర్చుకున్నాను. వారానికి మూడుసార్లు, సోమ, బుధ, శుక్రవారాలలో డయాలసిస్‌కు వెళ్లే ఒక కొబ్బరితోట కూలీకి నేను భోజనం తీసుకువెళ్లేదాన్ని. ఒక ఆదివారం ఎండలో నీరసించి ఉన్నాడని, జీవితమంతా చెట్లెక్కి కాయలు దింపిన మనిషి ఒక్క బొండం అడిగాడని, జాలిపడి రెండు బొండాలు కొట్టించి ఇచ్చాను. ఆ రాత్రి కాళ్లు చచ్చుబడినట్లయి, గుండె దడతో ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వచ్చింది. బతికాడు. శుక్రవారం తరువాత మళ్లీ సోమవారం వరకు రెండు రోజుల ఎడం ఉంటుంది కనుక ఆదివారం సాయంత్రానికి ఒంట్లో నీరూ పొటాషియమూ అన్ని రోజులకన్న ఎక్కువగా పేరుకుంటాయని అక్కడి నర్సు చెప్పినప్పుడు తల ఎత్తలేకపోయాను. అందుకే నీ పుస్తకంలో ప్రతివారి డయాలసిస్ రోజులూ రాసి, ఆ పెద్ద ఎడంలో వచ్చే రోజు కింద ఎర్రగీత గీయమంటున్నాను.

వంట విషయానికి వస్తే, వీరికి ఆనపకాయ, బీరకాయ వంటివి చాలావరకు సరిపోతాయి. పొటాషియం ఉన్న కూర వండక తప్పకపోతే చెక్కు తీసి, చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. దానితో కొంత పోతుంది, అంతా పోదు. ఉప్పు తక్కువ వేయాలి, ఊరగాయ, అప్పడం, ఎండుచేప క్యారేజీలో పెట్టనే వద్దు. సోడియం తక్కువ ఉప్పు అని దుకాణంలో అమ్మే పొట్లంలో సాధారణంగా పొటాషియం లవణం కలుపుతారు, అందుకని ఆరోగ్యానికి మంచిదని ఎవరైనా తెచ్చి ఇచ్చినా వీరి వంటలో అది వేయవద్దు. గంజి, చారు, మజ్జిగ, అంబలి అన్నీ రోజుకు ఇంతకు మించి తాగవద్దని డాక్టరు చెప్పిన నీళ్ల లెక్కలోకే వస్తాయి కనుక గిన్నె నిండా చారు పోయడం ప్రేమ అనుకోవద్దు. డయాలసిస్ ఇంకా మొదలుకానివారికి మాంసకృత్తులు తగ్గించమని చెబుతారు, మొదలైనవారికి పెంచమని చెబుతారు. అందువల్ల ఒకే వీధిలో ఇద్దరు కిడ్నీ రోగులకు ఒకే క్యారేజీ సరిపోతుందని అనుకోరాదు. డయాలసిస్ చేయించుకునే ఎక్కువమందికి ఉడికించిన గుడ్డు తెల్లసొన బాగా పనికివస్తుంది, అదైనా వారి డాక్టరును అడిగిన తరువాతే పెట్టు.

చక్కెర వ్యాధికి ఇన్సులిన్ వేసుకునే ఇంటికి మాత్రం ఆలస్యం అసలు కూడదు. మీరు పన్నెండున్నరకు వస్తారన్న నమ్మకంతో సూది వేసుకుని కూర్చున్న ముసలమ్మకు ఒంటిగంటన్నరకు అన్నం అందితే, ఈలోగా రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడవచ్చు. భోజనం కళ్లెదుట కనిపించిన తరువాతే సూది వేసుకోమని ఆమె డాక్టరుతో మాట్లాడి ఏర్పాటు చేయించగలిగితే మంచిది. అలా చక్కెర పడిపోయినప్పుడు స్పృహ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి పావుగంట చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి. మీ అందరికీ ఇది నోటికి వచ్చి ఉండాలి.

అన్నం వార్చిన తరువాత గోరువెచ్చగా గంటల తరబడి ఉంచవద్దు. పొయ్యి మీద నుంచి దించిన రెండు గంటలలోపు రోగి నోట్లోకి వెళ్లాలని లెక్క పెట్టుకుని, ఆ లెక్క ప్రకారమే ఎన్ని ఇళ్లు తిరగగలరో తేల్చుకోండి. మనకు చల్దన్నం పడుతుంది, క్యాన్సరుకు మందులు ఎక్కించుకుంటున్నవారికి పడదు. పక్షవాతం వచ్చినవారికి మింగడంలో ఇబ్బంది ఉండవచ్చు, నీళ్లు తాగినా పొలమారుతుంటే మీరు తినిపించే ప్రయత్నం చేయకుండా ఇంటివారికీ డాక్టరుకూ చెప్పండి. క్షయ ఉన్న ఇంటికి వెళ్లడానికి ఎవరైనా జంకితే, అది దగ్గు ద్వారా గాలిలో వ్యాపిస్తుందే తప్ప కంచాలు గిన్నెల ద్వారా రాదని చెప్పు, గాలి ఆడే వసారాలో కూర్చుని మాట్లాడు.

డయాలసిస్ రోజున రోగితోపాటు వెళ్లే మనిషిని ఎవరూ గమనించరు. సాధారణంగా భార్యే వెళుతుంది. నాలుగు గంటల చికిత్స, రానుపోను ప్రయాణం, ఆ రోజు కూలి పోవడం, ఇంటికి వచ్చి మళ్లీ వంట. నేను చూసిన ఇళ్లలో చాలాసార్లు రోగికి ఎవరో ఒకరు పెట్టారు, ఆమె మాత్రం టీ నీళ్లతో గడిపింది. అందుచేత ఆ రోజులలో రెండు క్యారేజీలు తీసుకువెళ్లు, రెండవదానిలో ఆమెకు ఇష్టమైన పులుసూ పచ్చడీ మామూలు ఉప్పుకారాలతో ఉండనీ.

అన్నం ఇస్తూ ఫోటో తీయవద్దు. సంఘం పేరు రాసిన సంచి ఇంటి గుమ్మంలో పెట్టవద్దు, మామూలు స్టీలు క్యారేజీ చాలు. ఒకప్పుడు పది మందికి పెట్టిన చేతులు ఇప్పుడు చాచవలసి వచ్చినప్పుడు ఎంత కుంగిపోతాయో నేను చూశాను. వీలైనంత వరకు ఒక ఇంటికి ఒకరే వెళ్లండి, ఐదు నిమిషాలు కూర్చోండి, మరునాడు ఖాళీ క్యారేజీ తీసుకునేటప్పుడు ఏమి మిగిలిందో చూడండి. మూడు రోజులు వరుసగా కూర మిగిలితే నోట్లో పుండ్లు పడ్డాయేమో, వాంతులవుతున్నాయేమో అడగాలి. ఆ సంగతి ఇంటివారికన్న ముందు ఒక్కోసారి మనకే తెలుస్తుంది.

మన తీరానికి తుఫాన్లు కొత్త కాదు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పడిన కొబ్బరిచెట్లతో దారులు మూసుకుపోయి, రోజుల తరబడి కరెంటు లేక ఎంత అవస్థపడ్డామో నీకూ గుర్తుండే ఉంటుంది. హెచ్చరిక వినిపించగానే మీ రోగులకు పడే అటుకులు, బొంబాయి రవ్వ వంటివి రెండు మూడు రోజులకు సరిపడా ఇళ్లకు ముందే చేర్చండి. డయాలసిస్ వారు ఎవరెవరో ఆసుపత్రికి ఫోను చేసి చెప్పి, వీలైతే ఒకరోజు ముందుగానే చికిత్స చేయించమని అడగండి.

వచ్చే ఆదివారం ఉదయం బస్సుకు నేను సోంపేట వస్తున్నాను. నీవు ఎంచుకున్న నాలుగు ఇళ్ల పేజీలూ రాసి సిద్ధంగా ఉంచు, ఇద్దరం కలిసి ఒక్కో గుమ్మానికీ వెళదాం.

ప్రేమతో,
మీ పెద్దమ్మ