చిన్న కుక్కే కదా అని కొనేస్తున్నారా?

అమలాపురం దగ్గర డాబా ఇల్లు, ఇద్దరు పిల్లలు, పొమేరేనియన్ (పామ్) గానీ షిట్జూ గానీ, ఏదో ఒక చిన్న జాతి కుక్కని కొందామనుకుంటున్నాం, ఏం చూసుకోవాలి అని అడిగారు. జాతి సంగతి తర్వాతండి. మూడు నాలుగు గంటలకోసారి తిండి పెట్టే మనిషి ఇంట్లో ఉన్నారా, ముందు అది చెప్పండి.

అరకిలో కుక్కపిల్ల ఒంట్లో చక్కెర నిల్వ ఉండదు. వాంతి చేసుకుంటుందేమోనని కడుపు మాడ్చి విజయవాడ నుంచి బస్సులో తెస్తారు. దిగిందగ్గర్నుంచి వీధి పిల్లలంతా చేతులు మార్చుకుంటారు. రాత్రికి చక్కెర పడిపోయి తూలుతుంది, చిగుళ్లు పాలిపోతాయి, తల వాల్చేస్తుంది, ఆపైన ఫిట్స్. ‘బడలికలే, పడుకోనీ’ అన్నారా, తెల్లారేసరికి ఉండదు. వెంటనే అర చెంచా తేనె గానీ, చిక్కగా కలిపిన గ్లూకోజ్ గానీ వేలితో చిగుళ్లకి రాయాలి. స్పృహ లేనప్పుడు నోట్లో పాలు, నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గుడ్డలో చుట్టి వెచ్చగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. లేచి తోకాడించినా సరే వెళ్లాల్సిందే, చక్కెర మళ్లీ పడిపోతుంది. నాలుగు నెలలు నిండేదాకా రోజుకి నాలుగైదుసార్లు తిండి, చివరిది పడుకోబోయే ముందు.

‘టీకప్’ అంటూ ఎక్కువ డబ్బు గుంజుతున్నారు చూశారూ, అలాంటి జాతే లేదు. గిడసబారిన పిల్లనో, వయసు చాలని పిల్లనో ఆ పేరుతో అంటగడతారు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. మీ కళ్లెదుట పిల్లకి తినిపించి చూపించమనండి, తినకపోతే వచ్చేయండి.

గోమార్ల విషయంలో మనవాళ్లు చేసే ఘోరం ఇంకోటి. పాకలో గేదెలకి వాడే మందు మిగిలితే, ఓ మూత నీళ్లలో కలిపి కుక్కకి పూసేస్తారు. రెండు కిలోల కుక్కకి అది విషమే. మందు దాని బరువుకి సరిపడేదే కొనాలి. గోమార్లు గోడ పగుళ్లలోనూ గుడ్లు పెడతాయి కాబట్టి ఇల్లూ శుభ్రం చేయాలి. జ్వరం, తిండి మానేయడం, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే రక్తపరీక్షే.

షిట్జూది చప్పిడి ముక్కు. కుక్క ఒంటి వేడి వగర్చితేనే దిగుతుంది, కోనసీమ ఉక్కలో అదీ సరిగ్గా సాగదు. మే నెలలో కరెంటు పోతే ఏం చేస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి. చల్లగా ఉంటుందని పామ్‌కి గుండు గీయిస్తే జుట్టు మళ్లీ సరిగ్గా రాకపోవచ్చు.

ఈ కుక్కల ముందుకాలి ఎముక పెన్సిలంత లావు కూడా ఉండదు, చేతిలోంచి జారిపడితే విరుగుతుంది. మీ పిల్లలు నేలమీద కూర్చునే ఒళ్లో పెట్టుకోవాలి. మెడకి పట్టీ వద్దు, గొంతుగొట్టం నొక్కుకుపోతుంది. ఛాతీకి తొడిగే బెల్టు కొనండి.

పల్లెల్లో పశువులాసుపత్రంటే ఎక్కువగా గేదెలు, ఆవులే. కొనకముందే వెళ్లి, కిలో కుక్కకి సెలైన్ ఎక్కించే 24 గేజ్ సన్న సూది ఉందా అని అడగండి. లేదంటే రాత్రిపూట రాజమండ్రిలోనో కాకినాడలోనో ఎవరు చూస్తారో కనుక్కుని, ఆ నంబరు ఫోన్లో పెట్టుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.