ఆ రశీదు సంగతి ఏం చేశావు?

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన ‘మా ఇంటి ఏడాది’ కథ రాతప్రతి అందింది. నలభై పేజీలూ చదివాను.

పదహారో పేజీలో ఒక చోట ఆగిపోయాను. వరద తీశాక మీ నాన్న దేవుడి పటం వెనక నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులోని బంగారం తాకట్టు రశీదు తడిసిపోయింది. దాన్ని మేడమీది వాళ్లింట్లో ఫ్యాన్ కింద ఆరబెట్టాడు. అమ్మ మెట్లెక్కి వస్తుంటే చప్పున దాని మీద పాత పేపరు కప్పాడు. అంతే రాశావు. ఆ తర్వాత ‘జీవితమంటే ఇంతేనేమో’ అనుకుంటూ నువ్వు వరండాలోకి వెళ్లిపోయావు. వెళ్లినదానివి మళ్లీ ఆ రశీదు దగ్గరికి రానేలేదు. మిగతా ఇరవై నాలుగు పేజీలూ నేను దాని కోసమే వెతుక్కుంటూ చదివాను. దొరకలేదు. ఒళ్లు మండి ఈ ఉత్తరం రాస్తున్నాను. లేకపోతే ఈ మధ్య ఎవరి రాతప్రతికీ జవాబు రాసే ఓపిక నాకు లేదు.

ఎవరి బంగారమమ్మా అది? ఎప్పుడు పెట్టాడు? ఎంతకు పెట్టాడు? నీ కథ 2024 ఏప్రిల్ 9న, క్రోధి ఉగాది రోజున మొదలైంది. 2025 మార్చి 30న విశ్వావసు ఉగాదితో ముగిసింది. ఈ మధ్యలో తమ్ముడికి ఇంజనీరింగ్ సీటొచ్చింది, ఇల్లు మునిగింది, నాయనమ్మ పోయింది, అక్కకు పాప పుట్టింది. నాలుగింటికీ డబ్బు కావాలి. నాలుగింట్లో ఒక్కదానికీ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో నువ్వు రాయలేదు. సీటు రాగానే స్వీట్లు పంచారట. సంతోషం. లాప్‌టాప్ ఎవరు కొన్నారు? హాస్టల్ అడ్వాన్సు ఎవరు కట్టారు? ఫీజు రీయింబర్స్‌మెంటు ఎప్పుడో వస్తుంది, కాలేజీ అంతదాకా ఆగదు. ఆ రశీదు అక్కడిదేనని నా అనుమానం. నువ్వు చెప్పకపోతే నేను ఊహించుకోవాల్సి వస్తోంది. ఆ పని చేయాల్సింది నేను కాదు.

నా పిచ్చి ఇదీ అనుకో, పరవాలేదు. ఇంటి కథలో రూపాయలు కనిపించకపోతే నేను నమ్మను. మనవాళ్లు ఏడుపు పదిమందిలో ఏడుస్తారు. చావు గురించి వీధంతా వినేలా మాట్లాడతారు. పెళ్లి సంబంధం తప్పిపోయిందని బస్సులో పక్కసీటువాళ్లకు కూడా చెబుతారు. అప్పు సంగతి మాత్రం తలుపేసుకుని, పిల్లలు పడుకున్నాక, గొంతు తగ్గించి మాట్లాడతారు. రాసేవాడు చెవి పెట్టాల్సింది ఆ తలుపు దగ్గర. నువ్వేమో హాల్లో కూర్చుని అందరికీ వినబడేదే మళ్లీ రాసి పంపావు.

ఉగాది నాడు గుళ్లో పంచాంగం చదివే పంతులుగారిని చూడు. ఏ రాశికైనా ఆయన మొదట చెప్పేది ఆదాయం, వ్యయం. రాజపూజ్యం, అవమానం ఆ తర్వాతే. నువ్వు ఆ రెండింటితోనే పుస్తకమంతా నింపావు, మొదటి రెండూ ఎగ్గొట్టావు.

అధ్యాయాలకు ఆరు రుచుల పేర్లు పెట్టావు కదా, అవి తీసెయ్. తీపి, చేదు, పులుపు అంటూ జీవితాన్ని ఉగాది పచ్చడితో పోల్చడం యాభై ఏళ్లుగా ప్రతి ఉగాది ప్రత్యేక సంచికలోనూ చూస్తున్నాను. ఒక ఏడాది ఒకే సంచికలో మూడు కథలకు అదే ముగింపు. పైగా ఆ పేర్లు నిన్నే మోసం చేశాయి. అక్క కాన్పు అధ్యాయానికి ‘తీపి’ అని పెట్టావు గనక అందులో ఆసుపత్రి బిల్లు రాకూడదనుకున్నావు. సిజేరియన్ అన్నావు, ప్రైవేటు ఆసుపత్రి అన్నావు, అయిదు రోజులు ఉన్నామన్నావు, బిల్లు మాత్రం లేదు! తొలి కాన్పు పుట్టింటివాళ్లదే కదా. వరదలో సర్వం పోయిన ఇంట్లో నాలుగు నెలలకే ఆ డబ్బు ఎలా పుట్టింది? మీ నాన్న ఆ వారమంతా ముభావంగా ఉన్నాడని రాశావు. నాయనమ్మ గుర్తొచ్చి అయి ఉంటుందట. అయి ఉంటుందిలే.

వరద అధ్యాయంలో ‘బుడమేరు మా కన్నీటితో నిండింది’ అని ఒక వాక్యం. కొట్టెయ్. మైలవరం వైపు కొండల్లో కురిసిన వానతో నిండింది ఆ వాగు. మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి, సెప్టెంబరు 1 ఆదివారం నాటికి విజయవాడలో మీ సింగ్‌నగర్ నీళ్లలో ఉంది. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది, బుడమేరు నీళ్లను తనలో కలుపుకునే స్థితిలో లేదు. నీ కన్నీళ్లు అక్కర్లేకుండానే సరిపోయినంత నీరు ఉందమ్మా అక్కడ. ఫ్లైఓవర్ మీద పాలప్యాకెట్ కోసం నిలబడ్డ అరపేజీ బాగుంది. దాన్ని అలాగే ఉంచు.

ఇంకొకటి కూడా బాగుంది. కింది వాటాలో మునిగినవాళ్లకు 25 వేలు, మేడమీదివాళ్లకు 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించాక, అంతవరకూ ఒకే గ్యాస్ స్టవ్ మీద వండుకు తిన్న రెండు ఇళ్ల మధ్య మాటలు పలచబడ్డాయని రాశావు. మేడమీది పిన్ని ‘మీకేంలే’ అన్నదని రాశావు. ఆ ‘మీకేంలే’ కోసం నీ వేదాంతం మొత్తం వదులుకోవచ్చు. డబ్బు అంకె పడగానే మనుషులు ఎలా కదిలారో చూశావా? నువ్వు రాయగలవు. రాయకూడదని ఎవరో చెప్పినట్టుంది.

ఎవరు చెప్పారో నాకు తెలుసు. నాకూ చెప్పారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. అప్పుడు నేను తెనాలిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన గుమాస్తాని. మా వాళ్లతో కలిసి బియ్యం, బట్టలు పట్టుకుని నాగాయలంక వైపు వెళ్లాను. అక్కడ ఒకాయన ఏమేం పోయాయో వరసగా చెబుతుంటే విన్నాను. రెండు గేదెలు, వల, వడ్ల బస్తాలు, ఇత్తడి బిందె, భార్య, కొట్టులో కట్టాల్సిన బాకీ పద్దు. అదే వరసలో చెప్పాడు, గొంతు ఎక్కడా మారలేదు. తిరిగొచ్చి దాన్ని కథ చేసి ఒక వారపత్రికకు పంపాను. వేశారు. తెరిచి చూస్తే ఆ జాబితా లేదు! ‘పాఠకులకు లెక్కలు విసుగు’ అని సంపాదకుడుగారు కార్డు రాశారు. పైగా కథ చివర సూర్యుడు ఉదయించాడు. నేను ఉదయింపజేయలేదు. ఆయనే చేశారు. ఇప్పటికీ నాగాయలంక కథ బాగుందని ఎవరైనా అంటే, ఆ సూర్యుడి సంగతేనేమోనని నాకు అనుమానం.

ఆ సంపాదకుడు ఇప్పుడు లేడు, ఆ పత్రికా లేదు. సూర్యుడు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు కథల పోటీలకు వెళ్తున్నాడు. ‘మానవ సంబంధాలను ప్రతిబింబించాలి, ఆశావహ దృక్పథంతో ముగియాలి’ అని ప్రకటనలోనే రాసి మరీ పిలుస్తున్నారు. నువ్వు ఏ పోటీకి పంపాలని అడిగావు. అలాంటి వాక్యం లేని పోటీ కనబడితే పంపు. నాకు కనబడితే నేనే చెబుతాను.

నవలగా పెంచాలా అని అడిగావు. అది నువ్వు తిరగరాసి పంపాక చూద్దాం.

ముందు బంగారం సంగతి తేల్చు. నా ఉద్యోగ జీవితంలో సగం ఒక బ్యాంకులో నగల అప్పుల కౌంటర్లోనే గడిచింది గనక చెబుతున్నాను. నాలుగు కాసుల నానుతాడు అనుకో, అంటే 32 గ్రాములు. 2024 ఉగాదికి మేలిమి బంగారం పది గ్రాములు 70 వేలు దాటింది. నగ విలువలో నూటికి 75కు మించి అప్పివ్వకూడదని అప్పటి రిజర్వు బ్యాంకు నిబంధన. లక్షన్నర దాకా వచ్చి ఉంటుంది. జులై 23 బడ్జెట్‌లో దిగుమతి సుంకం 15 శాతం నుంచి 6కు దించగానే ధర పడింది. అమ్మయ్య, మొదటే పెట్టి మంచిపని చేశాను అని మీ నాన్న అనుకుని ఉండొచ్చు. ఆ తర్వాత ఎక్కడం మొదలుపెట్టింది, మరుసటి ఏప్రిల్‌కి లక్ష తాకింది. ఇల్లు మునిగిన ఏడాదే తాకట్టులోని గొలుసు విలువ రెండున్నర లక్షలు దాటిందన్నమాట. అది లాభమనుకోకు. ‘ధర పెరిగింది సార్, అదే నగ మీద ఇంకో యాభై వేలు తీసుకోండి’ అని ఫోన్లొస్తాయి. కాన్పు బిల్లు ఆ ఫోన్‌తోనే తీరిందేమో. అప్పుడు బంగారం పెరిగినకొద్దీ మీ ఇంటి అప్పూ పెరిగినట్టే. ఆ ఏడాది మీ ఇంటి ఒడిదొడుకులన్నీ ఆ ఒక్క కాగితంలో ఉన్నాయి, నువ్వు వరండాలోకి పోయావు.

మా కౌంటర్ దగ్గర ఒకటి తరచూ జరిగేది. చుట్టాలింట్లో పెళ్లి ఉందంటే గురువారమో శుక్రవారమో ఒకాయన వస్తాడు. బయట అప్పు తెచ్చిన నోట్లు లెక్కపెట్టి కట్టి నగ విడిపించుకుంటాడు. నూటికి ఐదో పదో వడ్డీకి తెచ్చిన డబ్బు అది, నాలుగు రోజులకే. సోమవారం పది గంటలకల్లా అదే నగతో మళ్లీ వస్తాడు. పెళ్లిలో భార్య మెడ బోసిగా కనబడకూడదని. లింకుల మధ్య పసుపు ఇరుక్కుని ఉండేది. నగలకు విలువ కట్టే మా అప్రైజరు గీటురాయి పక్కన పెట్టి, పాత టూత్‌బ్రష్‌తో పసుపు తోమి మరీ తూచేవాడు. పసుపు బరువుకు కూడా అప్పిస్తామా అనేవాడు. ఒకసారి ఒకాయన వెంట భార్య కూడా వచ్చింది. ఆయన ఫారాల మీద సంతకాలు పెడుతున్నంతసేపూ ఆమె బ్రష్ వైపే చూస్తూ ఉంది. ఆ కథ నేను రాశాను. మూడు చోట్ల తిప్పి పంపారు. ‘బ్యాంకు వ్యవహారాలు ఎక్కువయ్యాయి’ అని ఒకరు. బ్యాంకు వ్యవహారం కాక మరేమిటి వాళ్ల కాపురంలో ఆ సోమవారం నాడు?

అందుకే అడుగుతున్నాను, మీ అమ్మకు తెలుసా? తెలియదన్నట్టు రాశావు. నేను ఒప్పుకోను. బీరువాలో ఒక డబ్బా ఒక అంగుళం జరిగితే తెలియని ఇల్లాలిని నేను ఆ కౌంటర్లో చూడలేదు. ఆమెకు తెలుసు. ఆయన పేపరు కప్పడం ఆమె చూసే ఉంటుంది. చూసి ఏం చేసింది? మెట్ల మీదే ఆగిందా? చెప్పుల చప్పుడు కావాలని చేసిందా? కాఫీ పెట్టమంటారా అందా? నువ్వు ఆ గదిలోనే ఉన్నావు గదా! గుర్తు లేకపోతే మళ్లీ ఆమె పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మాట కలుపు. రశీదు మాట ఎత్తకు. అక్కకు పెట్టిన సారె ఎంతయిందని అడుగు. అక్కణ్ణుంచి ఆమే వస్తుంది. ఫోన్ రికార్డర్ పెట్టకు, పెడితే అమ్మ టీవీలో ఇంటర్వ్యూ ఇస్తున్నట్టు మాట్లాడుతుంది.

మీ అమ్మ చీటీ కడుతుందని కూడా ఒకచోట జారవిడిచావు. ఎంత చీటీ? లక్ష చీటీ, ఇరవై మంది, నెలకు అయిదు వేలు అనుకుందాం. అవసరం మీద మూడో నెలలోనే పాడితే పాతిక వేలు కోత పడుతుంది. ఆగినవాళ్లకు ఆ కోతే లాభం. వరద నెలలో మీ వీధిలో ఆ చీటీ పాట జరిగిందా? జరిగితే ఎవరు ఎంత దాకా పాడారు? అందరికీ ఒకేసారి అవసరం పడిన నెలలో చీటీ పాట ఎలా ఉంటుందో ఒక్క తెలుగు కథలో చదవాలని నాకు ఎప్పటినుంచో ఉంది. నేను రాయలేను, నేనున్న వీధి మునగలేదు.

నాయనమ్మ మీద రాసిన మూడు పేజీలు ఒక పేజీ చెయ్. పెద్దకర్మ భోజనాల ఖర్చు దగ్గర నాన్నా పెదనాన్నా తగువుపడ్డ ముక్క మాత్రం కదపకు.

పేర్లు మార్చాలా అని అడిగావు. మార్చు. వీధి పేరు కూడా మార్చుకో. డబ్బు ఎవరిచ్చారన్నది మాత్రం మార్చకు. పెదనాన్న ఇవ్వని యాభై వేలు పెదనాన్న ఇచ్చినట్టు రాస్తే, తర్వాత పేజీల్లో ఆయన ముందు మీ నాన్న కూర్చునే తీరంతా తప్పవుతుంది. మన యాస పెట్టొచ్చా అన్నావు. ఇంకెవరి యాస పెడతావు?

దసరాకు ముందు తిరగరాసి పంపు. అంతా అక్కర్లేదు, పదహారో పేజీ నుంచి కాన్పు దాకా చాలు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టించి ప్రింటు తీయించు. నాకు శుక్లం ఆపరేషన్ ఒక కంటికే అయింది, రెండోది చలికాలంలో చేస్తామన్నారు.

మీ నాన్నగారిని అడిగానని చెప్పు. ఆటో బాగు చేయించాడా లేదా అన్నది కూడా నువ్వు రాయలేదు.

ఇట్లు,
తెనాలి నుంచి,
నీ మాస్టారు కాని మాస్టారు