జన్యువును ‘సంరక్షించింది’ ఎవరు?

సందేహం: ‘పాక్స్-6 జన్యువు యొక్క ప్రోటీన్ రూపాంతరాలు సకశేరుకాలలో సంరక్షించబడ్డాయి’ అని ఒక వ్యాసంలో చదివాను. వాటిని సంరక్షించింది ఎవరు? రూపాంతరం చెందినది సంరక్షితం ఎలా అవుతుంది?

సమాధానం: మీ రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. రెండవది సూక్ష్మమైనది కనుక దానితో మొదలుపెడతాను. ‘రూపాంతరం’ అంటే వేరొక రూపం. ‘పాఠాంతరం’ వంటిదే, వ్యుత్పత్తిలో దోషం లేదు. అయితే ‘రూపాంతరం చెందు’ అనే వాడుక బలపడినందువల్ల, ఆ మాట వినగానే ఒకటి పోయి మరొకటి వచ్చిందనే భావం కలుగుతుంది. ఇక్కడ జరిగేది అది కాదు. కంటి నిర్మాణానికి కీలకమైన ఈ ఒక్క జన్యువు నుంచే 422 అమైనో ఆమ్లాల ప్రోటీన్, డీఎన్ఏను పట్టుకునే భాగంలో మరో 14 చేరిన 436 అమైనో ఆమ్లాల ప్రోటీన్ రెండూ తయారవుతాయి. ఒకటి మరొకటిగా మారదు. ఏ డీఎన్ఏ వరుసను పట్టుకుంటాయన్న దానిలోనే వాటికి తేడా. పక్కపక్కనే ఉండే ఇలాంటి వాటికి ‘రూపభేదాలు’ అన్న మాట నాకు మేలుగా తోస్తుంది.

ఇక ‘సంరక్షణ’. ఈ మాట వినగానే మనసు రక్షకుణ్ణి వెతుకుతుంది. వన్యప్రాణి సంరక్షణలో మనిషి ఉన్నాడు, జన్యువు విషయంలో ఎవరూ లేరు. మనిషికీ ఎలుకకూ ఉమ్మడి పూర్వజీవి కోట్ల ఏళ్ల కిందటిది. ఆ తరువాత రెండింటి జన్యువుల అక్షరాలు అక్కడక్కడ మారినా, 422 అమైనో ఆమ్లాల వరుస మాత్రం రెండింటిలోనూ ఒక్కటే. అంటే మార్పులు రాక కాదు, ప్రోటీన్‌ను చెడగొట్టిన మార్పులు తరాలు దాటలేక పోయాయి. మనుషులలో ఈ జన్యువు రెండు ప్రతులలో ఒకటి చెడినా కంటి ఐరిస్ సరిగా ఏర్పడదని గమనిస్తే, అవి ఎందుకు నిలవలేదో తెలుస్తుంది. కనుక ఇక్కడి భావం కాపాడటం కాదు, నిలవడం. పైగా ‘-బడు’ చేర్చిన కర్మణి ప్రయోగం తెలుగు వాక్యానికి అనవసరమైన బరువు. సంజ్ఞగా ‘సంరక్షిత’ ఇప్పటికే పుస్తకాలలో స్థిరపడిందని నాకు తెలుసు, దానిని పెకలించమనను. క్రియగా మాత్రం వద్దు.

ఆ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘పాక్స్-6 జన్యువు ప్రోటీన్ రూపభేదాలు సకశేరుకాలలో పెద్దగా మారకుండా నిలిచి ఉన్నాయి.’ ‘పెద్దగా’ అన్న మాటను వదలకూడదు. జాతి జాతికీ చిన్న తేడాలు ఉన్నాయి.