వేషం అన్న మాట తీసెయ్

తమ్ముడూ,

చనిపోయిన లాజరుని యేసు లేపిన ఘట్టం మీద నువ్వు రాసిన కథ అందింది. రెండుసార్లు చదివాను. లాజరు తోబుట్టువు మార్త ఎదురొచ్చి ‘నువ్విక్కడ ఉండి ఉంటే మా వాడు పోయేవాడు కాదు’ అని యేసుని నిలదీసే చోటు బాగా రాశావు. ఆ కోపం ఇంట్లోవాళ్ల కోపం. నా పేచీ అంతా మూడో పేజీతోనే. ‘మనిషి వేషంలో వచ్చిన దేవుడి కంట ఒక కన్నీటి బొట్టు మెరిసింది’ అన్నావు. ఆ వేషం అన్న మాట తీసెయ్.

ప్రసంగాల్లో వినీ వినీ మనకది అలవాటైపోయింది, నిన్ను తప్పుపట్టను. కానీ వేషం అంటే ఆట అయ్యాక కడిగేసుకునేది. యేసుకి శరీరం ఉన్నట్టు కనిపించిందే తప్ప నిజంగా లేదు, సిలువ మీద బాధ కూడా ఉత్త చూపే అని వాదించినవాళ్లు సంఘం తొలినాళ్లలోనే ఉన్నారు. యేసు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోని ఆత్మ దేవుని సంబంధమైనది కాదని యోహాను మొదటి పత్రిక తెగేసి చెప్పింది ఆ ధోరణి గురించే. నువ్వు అంత వాదం మనసులో పెట్టుకుని రాయలేదని తెలుసు. మాట అలవాటుగా పడింది, అంతే. దాంతో నీ యేసు కథంతా నటుడైపోయాడు. అంత దూరం నడిచొచ్చినా కాళ్లకు దుమ్ము అంటలేదు చూడు.

నా మొదటి కథలో నేనూ ఇదే చేశాను. సమరయ బావి దగ్గర ఆయన్ని కూర్చోబెట్టి ఒకటిన్నర పేజీ మాట్లాడించాను. చదివిన ఒక పెద్దవయసు పాస్టరుగారు, ‘అమ్మా, ఆయన దాహం అని అడిగాడు కదా, నీళ్లు ఇప్పించావా?’ అన్నారు. ఇప్పించలేదు. నిజానికి సువార్తలో కూడా ఆ నీళ్లు తాగినట్టు రాసి లేదు. ఆ సంగతి నాకంటే పాస్టరుగారికే బాగా తెలుసు. నా కథలో యేసుకి అసలు దాహమే వెయ్యలేదని ఆయన బాధ.

ఇక ఐదో పేజీలో ఇంకో వైపు ఒరిగావు. ‘మనిషిగా ఏడ్చాడు, దేవుడిగా లేపాడు’ అని ముగించావు. ఇది నువ్వు కనిపెట్టిన మాట కాదులే. రోము పోపు లియో 449లో రాసిన ప్రసిద్ధమైన లేఖలో సరిగ్గా ఈ లాజరు సమాధినే ఉదాహరణగా తీసుకున్నాడు. చనిపోయిన స్నేహితుడి కోసం ఏడవడం ఒక స్వభావానిది, అంటే మానవ స్వభావానిది, పిలిచి లేపడం ఇంకో స్వభావానిది, అంటే దైవ స్వభావానిది అన్నాడు. ఇద్దరూ ఒక్కడే అని కూడా అదే లేఖలో గట్టిగా చెప్పాడనుకో. అయినా 451లో కాల్సెడన్‌లో జరిగిన బిషప్పుల మహాసభలో ఆ లేఖ చదివినప్పుడు కొందరికి అనుమానం వచ్చింది, ఒక్క క్రీస్తుని రెండుగా కోసేస్తున్నారేమో అని. ఈజిప్టు కోప్టులు, సిరియా, అర్మేనియా, ఇథియోపియా ప్రాచీన సంఘాలు రెండు స్వభావాలన్న ఆ సభ తీర్మానాన్ని ఈనాటికీ ఒప్పుకోలేదు. వాళ్లు యేసు మనిషి కాడని అనరు. దైవత్వం, మానవత్వం కలిసి ఒక్కటైన స్వభావం అంటారు.

ఎవరిది సరి అని నన్ను అడక్కు. లియో రాసింది సిద్ధాంతం, నువ్వు రాస్తున్నది కథ. కథలో స్వభావాలు నడవవు తమ్ముడూ, మనుషులే నడుస్తారు. ఒక పేజీలో ‘మనిషి’ డ్యూటీ దిగి ఇంకో పేజీలో ‘దేవుడు’ డ్యూటీ ఎక్కితే చదివేవాడికి ఇద్దరు యేసులు కనిపిస్తారు.

యోహాను సువార్త పదకొండో అధ్యాయం పక్కన పెట్టుకుని నెమ్మదిగా చదువు. లాజరు చనిపోయాడని ఎవరూ కబురు చెప్పకముందే శిష్యులతో ఆయనే అంటాడు. అంత దూరం నుంచి చావు సంగతి తెలిసినవాడు ఊరి దగ్గరకొచ్చాక ‘అతన్ని ఎక్కడ పెట్టారు?’ అని అడుగుతాడు. ‘వచ్చి చూడు’ అంటారు వాళ్లు. అప్పుడు ‘యేసు కన్నీళ్లు విడిచెను’. అంతే వాక్యం. తరవాత రాయి తియ్యమంటాడు. చచ్చినవాణ్ని లేపగలిగినవాడు రాయి మాత్రం పక్కవాళ్ల చేత తీయిస్తాడు. నాలుగు రోజులైంది, వాసనొస్తుందని మార్త అడ్డుపడుతుంది. కేక వేస్తాడు, లాజరు బయటికొస్తాడు, కాళ్లూ చేతులూ కట్టేసి ఉంటాయి. ఆ కట్లు కూడా చుట్టూ ఉన్నవాళ్లే విప్పాలి. తెలిసినవాడు అడగడమేమిటో, లేపబోయేవాడు ఏడవడమేమిటో యోహాను ఎక్కడా ఆగి వివరించడు. నువ్వూ ఆగకు. నీ కథలో రాయీ లేదు, వాసనా లేదు. రెండూ తీసుకురా.

కాల్సెడన్ సభ చివరికి రాసుకున్నది కూడా ఒకలా వివరణ కాదు. రెండు స్వభావాలు కలగాపులగం కాకుండా, మారకుండా, చీలకుండా, విడిపోకుండా ఒక్క వ్యక్తిలో ఉన్నాయన్నారు. నాలుగూ ‘కాదు, కాదు’ అనే మాటలే. ఎలా ఉన్నాయో చెప్పలేదు, ఎటు పోతే గోతిలో పడతామో చెప్పారు. నాకైతే ఇది కంచెలా కనిపిస్తుంది. డ్రాఫ్టు పూర్తయ్యాక ఆ నాలుగు మాటలు పక్కన పెట్టుకుని చూసుకుంటాను. రాసేటప్పుడు మాత్రం దగ్గర పెట్టుకోను, చెయ్యి ఆడదు.

325లో నైసియా సభ గురించి కూడా ఉత్తరంలో అడిగావు. అక్కడ గొడవ వేరు. కుమారుడు, అంటే క్రీస్తు, సృష్టి అయినవాడే, ఆయన లేని కాలం ఒకటుంది అని అరియస్ అనే పాదిరి అన్నాడు. కాదు, తండ్రితో ఏకతత్వం గలవాడే అని సభ తేల్చింది. నీ కథకు దానితో పెద్దగా పని లేదు.

సిలువకు ముందు రాత్రి యేసు ప్రార్థన చేసిన గెత్సేమనే తోట మీద రాయాలనుకుంటే మాత్రం మాక్సిమస్ అనే సన్యాసి సంగతి తెలుసుకో. ‘నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే’ అన్న మాటలో క్రీస్తుకి నిజమైన మానవ చిత్తం ఉందని, భయపడ్డది అదేనని, తండ్రికి లోబడ్డదీ అదేనని పట్టుబట్టాడు. చక్రవర్తి మనుషులు నాలుక కోసి, కుడిచెయ్యి నరికి, దేశాంతరం పంపారు. 662లో అక్కడే పోయాడు. 681లో కాన్‌స్టాంటినోపుల్ సభ క్రీస్తుకి రెండు చిత్తాలున్నాయని తీర్మానించింది, అంటే మాక్సిమస్ చెప్పిందే ఒప్పుకున్నట్టు. ఆ తోటలో యేసుకి చెమట పట్టించేటప్పుడు, ఆయన భయాన్ని నిజమైన భయంగానే రాయి. ముందే అంతా తెలుసన్నట్టు ఒక చిరునవ్వు పెట్టావనుకో, ఆ పేజీ చింపేస్తాను.

తరవాతి కథ పసివాడైన యేసుని పడుకోబెట్టిన పశువుల తొట్టి గురించి అన్నావు. అక్కడ తెలుగువాళ్లకి ఇంకో తలనొప్పి ఉంది. పాలకోసం ఏడ్చే పసివాణ్ని ‘వాడు’ అనాలా, ‘ఆయన’ అనాలా? నవ్వకు, ఇది చిన్న ప్రశ్న కాదు. రెండు మూడు నెలల పసికందుని దేవుడని అనలేనన్నాడని కాన్‌స్టాంటినోపుల్ బిషప్పు నెస్తోరియస్ మీద 431లో ఎఫెసు సభలో సాక్ష్యం చెప్పారు. మరియను దేవమాత అనొచ్చని ఆ సభ స్థిరపరిచింది. అంటే పొత్తిళ్లలో ఉన్నవాడూ దేవుడే. నేనొకసారి కథకుడి మాటల్లో ‘ఆయన’ అనీ, తల్లి నోట ‘వీడు’ అనీ రాశాను. ఏ తల్లీ తన బిడ్డని ‘ఆయన’ అనదు. పత్రికవాళ్లు నన్నడక్కుండా అన్నీ ‘ఆయన’ చేసి అచ్చేశారు. మరియ జోల పాడుతూ ‘ఆయనగారు నిద్రపోరేం’ అంటున్నట్టు తయారైంది. ఎన్నాళ్లు నవ్వారో నా స్నేహితులు.

నువ్వు పంపేటప్పుడు కవరింగ్ లెటర్‌లోనే రాసెయ్, ‘వాడు’ని ముట్టుకోవద్దని. అంతకంటే ముందు మూడో పేజీ తిరగరాసి నాకు పంపు.

అక్క