విండోస్ మార్చాక పాత డెస్క్‌టాప్‌లో బ్లూటూత్ ఎందుకు పనిచేయదు?

విండోస్ 7 నుంచి 10కి మారాక బ్లూటూత్ ఆగిపోయిందంటే చాలాసార్లు పాత డ్రైవర్ కొత్త సిస్టమ్‌కి సరిపడటం లేదని అర్థం, పరికరం పాడైందని కాదు.

డ్రైవర్ అంటే బ్లూటూత్ చిప్‌ని విండోస్ నడిపించడానికి కావాల్సిన చిన్న ప్రోగ్రామ్. విండోస్ 7 కోసం రాసిన డ్రైవర్ 10లో పనిచేయకపోవచ్చు.

విశాఖ గాజువాకలో ఒక ఇంట్లో పాత డెస్క్‌టాప్‌కి యూఎస్‌బీ డాంగిల్ (బ్లూటూత్ కోసం యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న పరికరం) పెట్టి ఉందనుకుందాం. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిస్తే, ‘అదర్ డివైసెస్’ కింద పసుపు గుర్తుతో ‘అన్‌నోన్ డివైస్’ అని కనిపించవచ్చు. హార్డ్‌వేర్ ఉంది, డ్రైవరే లేదన్నమాట. ముందు విండోస్ అప్‌డేట్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ చూడాలి. అక్కడ లేకపోతే డాంగిల్ తయారుచేసిన కంపెనీ సైట్ నుంచే దించుకోవాలి. నెట్‌లో ఊరికే దొరికే ‘డ్రైవర్ అప్‌డేటర్’ల జోలికి దయచేసి వెళ్లకండి, వాటితో పాటు వైరస్‌లు కూడా రావచ్చు.

కొత్త విండోస్ వేస్తే బ్లూటూత్ దానంతట అదే వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. బ్లూటూత్ ఒక రేడియో, దానికి చిప్ ఉండాలి. పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డుల్లో చాలావాటికి ఆ చిప్పే ఉండదు. అలాంటప్పుడు విశాఖ ద్వారకానగర్‌లోనో ఆన్‌లైన్‌లోనో బ్లూటూత్ 4.0 లేదా ఆపై వెర్షన్ డాంగిల్ కొనుక్కుంటే చాలు, కంప్యూటర్ మార్చక్కర్లేదు. డాంగిల్‌ని యూఎస్‌బీ 3.0 పోర్టులకి, వాటికి పెట్టిన హార్డ్‌డిస్క్‌కి దూరంగా పెట్టండి. వాటి నుంచి వచ్చే రేడియో రొద (చెవికి వినిపించేది కాదు) 2.4 గిగాహెర్ట్జ్ బ్లూటూత్ సిగ్నల్‌కి అడ్డుపడవచ్చు.