డిగ్రీలో సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం పేపరు: ఫార్ములాలు కంఠస్థం చేస్తే సరిపోతుందా?

మీరు రెండు సంగతులు అడిగారు. ఇంటర్‌లో ఎంపీసీ చదివి ఇప్పుడు డిగ్రీ రెండో ఏడాదిలో ఈ పేపరు మొదలుపెడుతున్నారు, ఫార్ములాలన్నీ కంఠస్థం చేస్తే గట్టెక్కుతానా అన్నది మొదటిది. ఈ పేపరు పాసైతే చాలు, ఇప్పుడే అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సులో చేరిపొమ్మని సీనియర్లు అంటున్నారు, చేరనా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు, సరిపోదు. రెండోదాని గురించి చివర్లో చెబుతాను.

నేను నారాయణగూడలో ఉస్మానియా అనుబంధ కళాశాలలో గణితం, సాంఖ్యక శాస్త్రం, కంప్యూటర్ సైన్స్ తీసుకుని బీఎస్సీ చేశాను. ఇప్పుడు జీడిమెట్లలో మందులు తయారుచేసే ఒక కంపెనీ నాణ్యత విభాగంలో పనిచేస్తున్నాను. ఆ ఏడాది చదివిన చదువు ఇప్పటికీ నాకు అన్నం పెడుతోంది. అందుకే జవాబు కాస్త పెద్దదైనా ఓపిగ్గా చదవండి.

కలన గణితంలో ఏం చేయాలో ప్రశ్నే చెప్పేస్తుంది. అవకలనం చేయమంటుంది, సమాకలని విలువ కనుక్కోమంటుంది. ఈ పేపరులో అలా ఉండదు. ప్రశ్న నాలుగైదు వాక్యాల కథలా ఉంటుంది, లెక్క మాత్రం రెండు వరుసల్లో అయిపోతుంది. అసలు కష్టమంతా ఫార్ములా రాయడానికి ముందే ఉంటుంది. ఏ ప్రయోగం జరుగుతోంది, అందులో ముందుగా చెప్పలేనిది ఏది, మనకు ఇప్పటికే తెలిసింది ఏది, అడుగుతున్నది ఏది అన్నవి తేల్చుకోవాలి. మాకు పాఠం చెప్పిన మేడం బోర్డు మీద ప్రశ్న రాసి, సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, "ముందు ప్రయోగం ఏమిటో చెప్పండి" అనేవారు. ఎవరో ఒకరు పూర్తి వాక్యంలో చెప్పేదాకా సుద్దముక్క మళ్లీ ముట్టుకునేవారు కాదు. పరీక్షలో ఫార్ములాలన్నీ వచ్చినా ఏది వాడాలో తోచక పెన్ను పట్టుకుని కూర్చునే పరిస్థితి మీకు రాకూడదంటే, ప్రతి లెక్కకూ ముందు ఆ వాక్యం రాయడం మొదటి వారం నుంచే అలవాటు చేసుకోండి.

ఇంటర్ రెండో ఏడాది 2ఏ పుస్తకంలోని ప్రస్తారాలు, సంయోగాలు, సంభావ్యత ఇక్కడ పనికొస్తాయి. ఒకసారి తిరగేస్తే చాలు. 2బీలోని నిశ్చిత సమాకలనులు మాత్రం గట్టిగా చూసుకోండి, బరువు, సమయం లాంటి అవిచ్ఛిన్న చలరాశులు రాగానే ప్రతి లెక్కా అక్కడికే వెళ్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది షరతు సంభావ్యతకు, అంటే ఒకటి జరిగిందని తెలిసినప్పుడు మరొకటి జరిగే సంభావ్యతకు. ఒక ఉదాహరణ చెబుతాను. ఒక జబ్బు వందమందిలో ఒకరికి ఉంది. జబ్బు ఉన్నవారిలో 90 శాతం మందికి రక్తపరీక్ష పాజిటివ్ అని చూపిస్తుంది. జబ్బు లేనివారిలో 5 శాతం మందికి కూడా పాజిటివ్ అనే చూపిస్తుంది. ఒకరికి పాజిటివ్ వచ్చింది, వారికి నిజంగా జబ్బు ఉండే సంభావ్యత ఎంత? చాలామంది నోటికి ముందుగా వచ్చే జవాబు 90 శాతం. ఇప్పుడు ఇలాంటి ప్రశ్నలకు పుస్తకంలో వాడే బేయీ సిద్ధాంతం సూత్రాన్ని పక్కన పెట్టి పదివేల మందిని ఊహించుకోండి. అందులో జబ్బు ఉన్నవారు 100 మంది, వారిలో 90 మందికి పాజిటివ్. జబ్బు లేనివారు 9,900 మంది, వారిలో 5 శాతం అంటే 495 మందికి పాజిటివ్. మొత్తం పాజిటివ్‌లు 585. అందులో నిజమైనవి 90. అంటే సుమారు 15 శాతం.

90 ఎక్కడ, 15 ఎక్కడ! జబ్బు ఉందని తెలిసినప్పుడు పాజిటివ్ వచ్చే సంభావ్యత వేరు, పాజిటివ్ వచ్చిందని తెలిసినప్పుడు జబ్బు ఉండే సంభావ్యత వేరు. ఈ రెండు వాక్యాల మధ్య తేడా ఒంటబట్టిన రోజు మీకు ఈ పేపరులో సగం వచ్చినట్టే. ఇంకొక మాట కూడా గమనించండి. జ్వరం, దగ్గు వంటి లక్షణాలతో వచ్చినవారికే పరీక్ష చేస్తే, ఆ 'వందలో ఒకరు' అన్న అంకె అక్కడ చెల్లదు. వారిలో జబ్బు ఉన్నవారు ఇంకా ఎక్కువే ఉంటారు, కాబట్టి జవాబూ మారుతుంది. సూత్రం మాత్రం అదే. అందుకే ఎవరిలోంచి ఎంచుకున్నారో ముందు అడగాలి. పదివేల మందితో పట్టిక వేయడం పిల్లల పద్ధతి అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ముందు పట్టికతో జవాబు తెచ్చి, తర్వాత సూత్రంతో సరిచూసుకోండి.

పరస్పర వివర్జిత (రెండూ కలిసి జరగలేని) ఘటనలు, స్వతంత్ర (ఒకటి జరిగిందని తెలిసినా రెండోదాని సంభావ్యత మారని) ఘటనలు ఒకటే అనుకునేవారు ప్రతి క్లాసులోనూ ఉంటారు. నిజానికి అవి దాదాపు ఎదురెదురు భావనలు. ఒకటి జరిగితే రెండోది జరగనే జరగదంటే, మొదటిది రెండోదాని గురించి గట్టి కబురే చెబుతోంది కదా. సున్నా కాని సంభావ్యత ఉన్న రెండు ఘటనలు పరస్పర వివర్జితాలైతే అవి స్వతంత్రాలు కావు. రెండు మార్కుల ప్రశ్నగా ఇది తరచూ వస్తుంది.

నాకు ఈ సబ్జెక్టు మీద ఇష్టం పుట్టింది మాత్రం ప్రాక్టికల్స్‌లో. సొంతంగా డేటా సేకరించి రికార్డు రాయమన్నారు. మా బృందం కోఠీ బస్టాపులో నిలబడి, ఒక రూటు బస్సు వచ్చినప్పుడల్లా సమయం రాసుకుంది. వరసగా రెండు బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి, ఆపైన చాలాసేపు ఒక్కటీ ఉండేది కాదు. బస్సుల మధ్య సగటు వ్యవధి చూస్తే ఫరవాలేదనిపించింది, ప్రయాణికులు మాత్రం అంతకన్నా ఎక్కువసేపు ఎదురుచూస్తున్నామని చెప్పారు. మేడం మా కాగితం తీసుకుని ఒక చిన్న లెక్క వేయించారు. వ్యవధులు ఒకసారి 2 నిమిషాలు, ఒకసారి 18 నిమిషాలు అనుకోండి. సగటు 10. బస్సులు సరిగ్గా పదేసి నిమిషాలకు వస్తే, ఎప్పుడో ఒకప్పుడు స్టాపుకు వచ్చిన మనిషి సగటున 5 నిమిషాలు ఆగుతాడు. ఇక్కడ అలా కాదు. ఇరవై నిమిషాల్లో ఏ క్షణంలోనైనా వచ్చే మనిషి 18 నిమిషాల ఖాళీలో పడే సంభావ్యత 20కి 18. అందులో పడితే సగటున 9 నిమిషాలు ఆగాలి. 2 నిమిషాల ఖాళీలో పడే సంభావ్యత 20కి 2, అప్పుడు సగటున ఒక్క నిమిషం. మొత్తం కలిపితే 8.2 నిమిషాలు. సగటు వ్యవధి ఒకటే, ఎదురుచూపు 5 నుంచి 8.2కు పెరిగింది. పెంచింది వ్యవధుల్లోని హెచ్చుతగ్గులు, అంటే వేరియన్స్.

అంతకు ముందు వేరియన్స్ అంటే నాకు ఒక సూత్రం మాత్రమే. ఆ మధ్యాహ్నం నుంచి అది స్టాపులో నిలబడిన మనుషుల సమయం. వ్యవధులు ఎక్స్‌పొనెన్షియల్ విభాజనాన్ని (ఏ విలువ ఎంత తరచుగా వస్తుందో చెప్పేది విభాజనం) అనుసరిస్తే, సగటు వ్యవధి 10 నిమిషాలైనప్పుడు సగటు ఎదురుచూపు కూడా 10 నిమిషాలే అవుతుంది. ఈ విభాజనానికి గతం గుర్తుండదని, అంటే ఇప్పటికే ఎంతసేపు ఆగినా ఇంకా ఆగాల్సిన సగటు సమయం తగ్గదని పాఠంలో చెప్పినప్పుడు ఈ బస్టాపును తలచుకోండి. మీ కళాశాల సొంత డేటా అడగకపోయినా మీరే ఒకటి సేకరించండి. మెట్రో రైళ్లయినా సరే, మీ వీధిలో కరెంటు పోయిన వేళలైనా సరే.

విభాజనాల దగ్గర ఎక్కువ మంది సగటు, వేరియన్స్ సూత్రాలు పట్టికగా రాసుకుంటారు. పట్టికలో ఇంకో గడి చేర్చండి, ఏ పరిస్థితిలో ఇది పుడుతుంది అని. ముందే నిర్ణయించినన్ని సార్లు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ప్రతిసారీ ఒకే సంభావ్యతతో జరిగే ప్రయత్నాలైతే ద్విపద విభాజనం. ప్రయత్నాలు చాలా ఎక్కువ, జరిగే అవకాశం చాలా తక్కువ అయితే పాయిజాన్. పాయిజాన్‌లో సగటు, వేరియన్స్ సమానం. డేటాలో ఈ రెండూ బాగా దూరంగా ఉంటే పాయిజాన్ కుదరదని అప్పుడే అనుమానించవచ్చు. నార్మల్ విభాజనానికి పట్టిక చూడటం వచ్చేదాకా సాధన చేయాలి, అంతే.

ఇక సాంఖ్యక శాస్త్రం భాగం. సంభావ్యతలో పెట్టె లోపల ఏముందో తెలుసు, చేతికి ఏమి వస్తుందో అడుగుతారు. ఇక్కడ చేతికి వచ్చింది చూసి లోపల ఏముందో చెప్పాలి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటాం. మెతుకులన్నీ దాదాపు ఒకేలా ఉడుకుతాయి కాబట్టి అది చెల్లుతుంది. మా పనిలో ఒక్క మాత్ర తూచి ఏమీ చెప్పలేం. ఒక బ్యాచిలోంచి ఇరవై మాత్రలు తీసి, ఒక్కొక్కటిగా తూచి, సగటుకు ఏది ఎంత దూరంగా ఉందో చూస్తాం. మాకు కావలసింది సగటు బరువు ఒక్కటే కాదు, మాత్రకూ మాత్రకూ తేడా ఎంత అన్నది కూడా. ఒక్క మాత్రతో తేడా తెలియదు.

శాంపుల్ వేరియన్స్‌ను ఎన్‌తో (అంటే శాంపుల్‌లో ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్యతో) కాక ఎన్ మైనస్ ఒకటితో ఎందుకు భాగిస్తారని మీ క్లాసులో తప్పక ప్రశ్న వస్తుంది. ఒక్క మాత్ర దగ్గరే జవాబు మొదలవుతుంది. అక్కడ ఎన్ మైనస్ ఒకటి అంటే సున్నా, వేరియన్స్ అంచనా వేయడానికి సమాచారమే లేదు. ఇరవై మాత్రలున్నప్పుడు సగటు నుంచి విచలనాలన్నీ కలిపితే సున్నా కావాలి. కాబట్టి 19 విచలనాలు తెలిస్తే ఇరవయ్యోది దానంతట అదే తేలిపోతుంది. పైగా శాంపుల్ సగటు ఆ ఇరవై మాత్రల్లోంచే పుట్టింది గనుక వాటికి అసలు సగటు కన్నా దగ్గరగానే ఉంటుంది. ఎన్‌తో భాగిస్తే అంచనా సగటున తక్కువకు జారుతుంది.

సర్వేల మాట వచ్చినప్పుడు వర్గమూలం సంగతి గుర్తుపెట్టుకోండి. వెయ్యిమందిని యాదృచ్ఛికంగా ఎంచుకుని అవునా కాదా అని అడిగితే, 95 శాతం నమ్మకంతో అంచనా సుమారు 3 శాతం అటూ ఇటూ ఉంటుంది. ఆ తేడాను సగానికి తగ్గించాలంటే రెండువేల మంది చాలరు, నాలుగువేల మంది కావాలి. అడుగుతున్నది హైదరాబాద్ నగరంలోనా, సిద్దిపేటలోనా అన్నదానితో ఈ లెక్క దాదాపు మారదు. అయితే యాదృచ్ఛికంగా ఎంచుకోవడం అన్న షరతు తప్పితే ఈ లెక్కేదీ నిలవదు. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ దగ్గర నిలబడి పదివేల మందిని అడిగినా అది నగరం అభిప్రాయం కాదు.

పరికల్పనల పరీక్షలో చివరి వాక్యం జాగ్రత్తగా రాయండి. తేడా ఏమీ లేదని ముందుగా అనుకునే మాటే శూన్య పరికల్పన. దాన్ని తిరస్కరించలేనప్పుడు, శూన్య పరికల్పనను తిరస్కరించడానికి తగిన ఆధారం దొరకలేదు అని రాయాలి. అది నిజమని తేలింది అని రాస్తే మా మేడం మార్కులు కోసేవారు, కోయడం న్యాయమే.

ఈ సబ్జెక్టులో మన తెలుగువారి పేరు ఒకటి మీకు తారసపడుతుంది. గచ్చిబౌలి వైపు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనుంచి పోయే రోడ్డుకు ప్రొఫెసర్ సి.ఆర్. రావు పేరు పెట్టారు. ఆ ప్రాంగణంలో ఆయన పేరుతో ఒక పరిశోధన సంస్థ కూడా ఉంది. ఆయన 1920లో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా వెళ్లి అక్కడ పాఠాలు చెబుతున్నప్పుడు, పెద్ద శాంపుళ్లకు వర్తించే ఒక ఫలితం చిన్న శాంపుళ్లకు వర్తిస్తుందా అని ఒక విద్యార్థి అడిగాడు. మరునాటికి ఆయన జవాబు సిద్ధం చేశారు. అది 1945లో అచ్చయింది. క్రామర్-రావు అసమానతగా ఇప్పుడు ప్రపంచమంతా చదువుతున్నది అదే. పక్షపాతం లేని, అంటే సగటున అసలు విలువనే ఇచ్చే ఏ అంచనాకైనా వేరియన్స్ ఒక హద్దు కన్నా కిందికి దిగదని అది చెబుతుంది. 2023లో ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి వచ్చింది, అదే సంవత్సరం కన్నుమూశారు. క్లాసులో చేయి ఎత్తి ప్రశ్న అడగడానికి సంకోచించినప్పుడు, ఆ విద్యార్థి అడగకపోతే ఏమయ్యేదో ఆలోచించండి.

పుస్తకాల కోసం ఎక్కువ ఖర్చు పెట్టకండి. భావం తెలుగులో అర్థం చేసుకోవడానికి తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలు బాగుంటాయి, కోఠీలోనూ ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీదా పాతవి దొరుకుతాయి. ఇంట్లో కుదరకపోతే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చోండి, అక్కడ అందరూ చదువుతూ ఉంటారు గనుక మనకూ చదవాలనిపిస్తుంది. పరీక్షలో సైంటిఫిక్ కాలిక్యులేటర్‌కూ, పట్టికలకూ అనుమతి ఉందో లేదో సెమిస్టరు మొదట్లోనే కనుక్కోండి. లేకపోతే సాధన కూడా అవి లేకుండానే చేయాలి.

ఇప్పుడు అమీర్‌పేట సంగతి. ఆ కోర్సులు వద్దనను, నేర్చుకుని ఉద్యోగాలు తెచ్చుకున్నవారు నాకు తెలుసు. ఇప్పుడే మాత్రం వద్దు. అక్కడ మీకు ఒక ప్రోగ్రాము రాయించి, ఇది 99 శాతం కచ్చితంగా చెబుతోంది అంటారు. వందమందిలో ఒకరికే ఉన్న జబ్బు విషయంలో, అందరికీ జబ్బు లేదు అని చెప్పే ప్రోగ్రాము కూడా 99 శాతం సరైనదే, పైగా ఒక్క రోగినీ పట్టుకోలేదు. ఈ పేపరు సరిగ్గా చదివినవారికి ఆ అనుమానం వెంటనే వస్తుంది, చదవనివారు ఆ 99ని చూసి సంతోషిస్తారు. కాబట్టి ఈ సెమిస్టరు పేపరు మీద పెట్టి, తర్వాతి సెలవుల్లో చేరండి. చేరేముందు డెమో క్లాసుకు వెళ్లి, ఆ 99 శాతాన్ని ఏ డేటా మీద కొలిచారు, అందులో ఎంతమందికి జబ్బు ఉంది, వారిలో ఎంతమందిని పట్టుకుంది అని అడగండి. ఓపిగ్గా, అంకెలతో జవాబు చెప్పే చోట ఫీజు కట్టండి.