టెక్ సందేహాలు: స్టాల్‌లో చూసింది మన లైబ్రరీలో పనిచేస్తుందా?

ఈ వారం ఉత్తరాల్లో సగం లైబ్రేరియన్లవే. లైబ్రరీ సదస్సుకు వెళ్లారు, అక్కడ కంపెనీల స్టాళ్లు చూశారు, సంచి నిండా బ్రోచర్లతో తిరిగొచ్చారు. ఇప్పుడు ప్రిన్సిపాల్ ‘ఏం కొందాం?’ అంటే ఏం చెప్పాలన్నదే అందరి టెన్షన్. అందుకే ఈసారి ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలు పక్కన పెట్టి వీళ్లకే జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మాది ఎయిడెడ్ డిగ్రీ కాలేజీ. దాదాపు 18,000 పుస్తకాలున్నాయి. సదస్సులో కోహా అనే లైబ్రరీ నిర్వహణ సాఫ్ట్‌వేర్ డెమో చూశాను, నచ్చింది. మా పుస్తకాల జాబితా ఎక్సెల్‌లో ఉంది. తెలుగు పుస్తకాల పేర్లు మాత్రం అనూ ఫాంట్‌లో టైప్ చేయించాం. ఉన్నదున్నట్టు ఎక్కించేయొచ్చా సార్? – ఒక లైబ్రేరియన్, తూర్పు గోదావరి జిల్లా

ఎక్కించొచ్చు, కానీ తర్వాత వెతికితే ఒక్క తెలుగు పుస్తకమూ దొరకదు. చిన్న పరీక్ష చేయండి. ఎక్సెల్‌లో ఒక తెలుగు పేరున్న గడిని సెలెక్ట్ చేసి, ఫాంట్‌ను ఏరియల్‌కు మార్చండి. తెలుగు తెలుగుగానే ఉంటే అది యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా తెలుగుగానే చదవగలిగే పద్ధతి. ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తే అది అనూ. అంటే లోపల ఉన్నది తెలుగు కాదు, తెలుగులా కనిపించే బొమ్మల వెనక ఇంగ్లిష్ సంకేతాలు. విద్యార్థి ఫోన్‌లో ‘వేమన’ అని యూనికోడ్‌లో కొడితే కోహాకు ఆ రెండింటికీ సంబంధమే కనిపించదు.

మార్చడానికి ఉచిత కన్వర్టర్లు ఉన్నాయి. కాకపోతే పేరు మధ్యలో ‘ఎం.ఏ.’ లాంటివి ఇంగ్లిష్‌లో ఉంటే వాటినీ అనూ అనుకుని ఏదో ఒకటి చేసేస్తాయి. వొత్తులు కూడా అక్కడక్కడా జారిపోతాయి. మొత్తం ఒకేసారి మార్చకండి. ముందు 50 పేర్లు మార్చి, పుస్తకాలు పక్కన పెట్టుకుని సరిచూడండి. ఏ తప్పు పదే పదే వస్తోందో తెలిస్తే మిగతా వాటికి ఫైండ్-రీప్లేస్ సరిపోతుంది.

ఎక్సెల్‌తోనే ఇంకో తంటా ఉంది. మన దేశపు ఐఎస్‌బీఎన్‌లు (పుస్తకాలకు ఇచ్చే గుర్తింపు నంబర్లు) 978-81 తోనో 978-93 తోనో మొదలవుతాయి. 13 అంకెలను హైఫన్లు లేకుండా మామూలు గడిలో కొడితే ఎక్సెల్ దాన్ని ‘9.78ఈ+12’ తరహాలో చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీగా (ఒట్టి అక్షరాల పట్టికగా) సేవ్ చేస్తే కనిపించినదే ఫైల్‌లోకి వెళ్తుంది, అసలు అంకెలు పోతాయి. అక్సెషన్ నంబర్ (లైబ్రరీ ప్రతి పుస్తకానికీ వేసుకునే వరస నంబరు) ముందున్న సున్నాలదీ ఇదే గతి. ఆ రెండు కాలమ్‌లనూ ముందే ‘టెక్స్ట్’గా మార్చుకోండి. సేవ్ చేసేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్నదే ఎంచుకోండి.

ఆ తర్వాత మార్క్‌ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ ఫైల్‌ను మార్క్ 21 రికార్డులుగా (లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు పుస్తకాల వివరాలు ఇచ్చిపుచ్చుకునే ప్రామాణిక రూపం) మార్చాలి. పుస్తకం పేరు 245 నంబరు ఫీల్డ్‌లోకి, రచయిత 100లోకి, బార్‌కోడ్ కోహా వాడే 952లోని పి అనే ఉపఫీల్డ్‌లోకి వెళ్తాయి. కోహాను ఇన్‌స్టాల్ చేసేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పండి: జీబ్రా ఇండెక్స్‌లో (కోహా వెతకడానికి వాడే సూచిక) ఐసీయూ అనే యూనికోడ్ పద్ధతి పెట్టి, ఇండెక్స్‌ను మళ్లీ కట్టించమనండి. అది లేకపోతే యూనికోడ్‌లో ఎంత శుభ్రంగా టైప్ చేసినా తెలుగు వెతుకులాట సరిగా సాగదు. డెమోలో ఈ సంగతి రాదు, ఎందుకంటే అక్కడ వెతికి చూపించేవి ఎక్కువగా ఇంగ్లిష్ పుస్తకాలే.

రచయితల పేర్ల దగ్గర కాస్త ఓపిక పట్టండి. ఒక రికార్డులో ‘శ్రీశ్రీ’, ఇంకోదాంట్లో ‘శ్రీ శ్రీ’, మరోచోట ‘శ్రీరంగం శ్రీనివాసరావు’ అని ఉంటే కంప్యూటర్ లెక్కలో ముగ్గురు మనుషులు. కోహాలో అథారిటీ రికార్డు (ఒక రచయితకు ఒకే ప్రామాణిక పేరు నమోదు) పెట్టి, ఒక రూపాన్ని ఖాయం చేసి మిగతావాటిని దానికి కలపండి. ఇది ఏ కంపెనీ చేసిపెట్టే పని కాదు, తెలుగు పుస్తకాలు తెలిసిన మీరు కూర్చుని చేయాల్సిందే.

కోహాకు లైసెన్స్ ఖర్చు లేదు. న్యూజిలాండ్‌లోని ఒక చిన్న లైబ్రరీ ట్రస్టు కోసం 1999లో మొదలై, 2000 జనవరిలో వాడకంలోకి వచ్చిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. లైనక్స్ సర్వర్ చూసుకునే మనిషి కాలేజీలో ఉంటే వేరే ఆలోచన అక్కర్లేదు. ప్రభుత్వ లైబ్రరీ అయ్యుండి, అలాంటి మనిషి లేకపోతే కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీవాళ్ల లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఈ-గ్రంథాలయ నయం. డబ్బిచ్చి కొనే సాఫ్ట్‌వేర్ వైపు మొగ్గితే మాత్రం స్టాల్‌లోనే ఒక్కటి అడగండి: ‘రేపు మేం మానేస్తే మా డేటా మొత్తం మార్క్ 21లో ఇస్తారా? ఇప్పుడే తీసి చూపించండి.’ నీళ్లు నమిలితే బ్రోచర్ అక్కడే వదిలేసి రండి.

ప్రశ్న: పుస్తకాలకు ఆర్‌ఎఫ్‌ఐడీ (రేడియో తరంగాలతో చదివే ట్యాగులు) పెడితే స్టాక్ వెరిఫికేషన్ గంటల్లో అయిపోతుందని స్టాల్‌లో చూపించారు. చేతిలో రీడర్ పట్టుకుని ర్యాక్ పక్కన నడిస్తే చాలట. నిజమేనా? – ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రేరియన్, వరంగల్

నిజమే, కానీ వాళ్లు చూపించింది చెక్క షెల్ఫ్ మీద. మన దగ్గర ఉండేవి ఇనుప ర్యాకులు. లోహం దగ్గర రేడియో తరంగాలు తడబడతాయి. ర్యాక్ చివర ఇనుప పలకకు ఆనుకున్న పుస్తకాలు, పల్చటి పుస్తకాలు పక్కపక్కనే నొక్కుకుని ఉన్నవి రీడర్‌కు అందకపోవచ్చు. డెమో మీ లైబ్రరీలో, మీ ర్యాక్ మీద, మీ పుస్తకాలతో ఇమ్మనండి.

లైబ్రరీల్లో ఎక్కువగా వాడేది 13.56 మెగాహెర్ట్జ్ ట్యాగులు, ఐఎస్‌ఓ 15693 ప్రమాణంతో. ట్యాగులో సమాచారం ఎలా రాయాలన్నదానికి ఐఎస్‌ఓ 28560 ఉంది. టెండర్‌లో ఈ రెండూ రాయండి. కంపెనీ తన సొంత పద్ధతిలో రాసేస్తే, రేపు వాళ్లు రాకపోతే పుస్తకాలన్నిటికీ ట్యాగులు మళ్లీ రాయాలి. ఈ యంత్రాలు మీ లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడటానికి సిప్2 అనే పద్ధతి సపోర్ట్ ఉందో లేదో కూడా చూడండి.

ఒక్క ట్యాగు ధర విని మురిసిపోకండి. పుస్తకాల సంఖ్యతో గుణించి, ద్వారం దగ్గరి గేట్లు, ట్యాగు చదివే ప్యాడ్లు, ఏటా ఏఎంసీ (నిర్వహణ ఒప్పందం) కలిపి, ప్రతి పుస్తకం తెరిచి అతికించే మనుషుల కూలీ కూడా వేసుకోండి. మీ అసలు అవసరం ఏటా స్టాక్ వెరిఫికేషన్ ఒక్కటే అయితే బార్‌కోడ్ గన్ చాలు. అది కంప్యూటర్‌కు కీబోర్డు లాంటిదే, స్కాన్ చేసిన నంబరును నోట్‌ప్యాడ్‌లో టైప్ చేసేస్తుంది. ఆ ఫైల్‌ను కోహాలోని ఇన్వెంటరీ టూల్‌కు ఇస్తే ఏవి ర్యాక్‌లో లేవో జాబితా వచ్చేస్తుంది. రోజుకు వందల మంది పుస్తకాలు తీసుకునే పెద్ద లైబ్రరీ అయితే ఆర్‌ఎఫ్‌ఐడీ గురించి ఆలోచించండి.

ప్రశ్న: పీజీ పిల్లలు చాట్‌బాట్ ఇచ్చిన పుస్తకాల జాబితా పట్టుకొచ్చి ‘మేడమ్, ఇవి కావాలి’ అంటున్నారు. కొన్ని ఎక్కడా దొరకడం లేదు. మా దగ్గర లేవా, అసలే లేవా? – యూనివర్సిటీ లైబ్రరీ అసిస్టెంట్, తిరుపతి

అసలే లేకపోయి ఉండొచ్చు. నిజమైన రచయిత పేరుకు నమ్మదగ్గ శీర్షిక, సరిపోయే సంవత్సరం తగిలించి లేని పుస్తకాన్ని పుట్టించడం చాట్‌బాట్‌లకు అలవాటు. నెట్‌లో తెలుగు సమాచారం తక్కువ కాబట్టి మన పుస్తకాల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. పరిశోధనా వ్యాసమైతే డీఓఐ నంబరును (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) డీఓఐ వెబ్‌సైట్‌లో వేసి చూడండి. అది తెరుచుకున్నా శీర్షిక కూడా పోల్చండి, వేరే వ్యాసం నంబరు అతికించేయడం కూడా ఉంది. పుస్తకమైతే ప్రపంచ లైబ్రరీల ఉమ్మడి జాబితా వరల్డ్‌క్యాట్‌లోనూ, ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలోనూ వెతకండి. పాత తెలుగు పుస్తకం ఇవేవీ ఎక్కకపోయి ఉండొచ్చు కాబట్టి ప్రచురణ సంస్థ పేరు అడగండి. విద్యార్థి దగ్గర అదీ లేకపోతే ఆ జాబితా వెనక్కి ఇచ్చేయొచ్చు.

ఇంకోటి: సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లున్న ఎక్సెల్‌ను ‘సరిచేసి పెట్టు’ అంటూ ఈ చాట్‌బాట్‌లలోకి ఎక్కించకండి.

ప్రశ్న: 1950ల నాటి పుస్తకాల పేజీలు పొడైపోతున్నాయి. ఫోన్‌తో స్కాన్ చేసి నెట్‌లో పెట్టొచ్చా? – శాఖా గ్రంథాలయం, ప్రకాశం జిల్లా

స్కాన్ చేయడం వేరు, నెట్‌లో పెట్టడం వేరు. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గరున్న ప్రతిని భద్రపరచడానికి డిజిటల్‌గా దాచుకోవచ్చని 2012లో సవరించిన కాపీరైట్ చట్టం చెబుతోంది. ఫోన్‌ను స్టాండ్‌కు బిగించి, రెండు వైపుల నుంచీ వెలుతురు పడేలా చూసి, 300 డీపీఐకి తగ్గకుండా తీయండి. పెళుసు పుస్తకాన్ని ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద బోర్లించి నొక్కకండి, వీపు విరుగుతుంది. అక్షరాలు వెతకడానికి వీలుగా కావాలంటే బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే టెసరాక్ట్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఉంది, ఉచితం. అరసున్నలు, చెరిగిన వొత్తుల దగ్గర తప్పులొస్తాయి, వాటిని మనిషే దిద్దాలి.

నెట్‌లో అందరికీ పెట్టాలంటే కాపీరైట్ గడువు తీరి ఉండాలి. రచయిత చనిపోయిన సంవత్సరం తర్వాత 60 ఏళ్లు. 1965లో పోయినవారి రచనలకు 2026 జనవరి 1 నుంచి అడ్డు లేదు. పుస్తకం అచ్చైన ఏడు చూసి లెక్కేయకండి. అనువాదమైతే మూల రచయితతో పాటు అనువాదకుడు పోయిన సంవత్సరం కూడా చూడాలి.